ఏడుకి అరసున్న

జూన్ 4, బుధవారం

ముప్పై నాలుగేళ్ళు ఊరందరి పిల్లల నోటుపుస్తకాలూ చదివాను. ఇవాళ నాకంటూ ఒకటి మొదలుపెట్టాను. దీన్ని దిద్దేవాళ్ళెవరూ లేరు. దిద్దాల్సిన అవసరమూ రాదనుకోండి. (అనుకోండి ఏమిటి? చదివేది నేనొక్కదాన్నే. అనుకో.)

మనవరాలు మా ముందుగది ఆక్రమించి నెల దాటింది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, నేల మీద కాయితాలు. సినిమా పోస్టర్లు వేస్తుంది. ఇన్నాళ్ళూ ఎవరో వేసిన పోస్టర్లలో హీరోల గడ్డం కింద వేలాడే మాంసం చెరిపే పని చేసింది. ఇప్పుడు మొదటిసారి ఒక సినిమా మొత్తం తన చేతికిచ్చారు. ఇచ్చి వారం కాలేదు, పొద్దున్నే తల పట్టుకుని కూర్చుంది.

"ఏమే, పన్ను నొప్పా?"

"టైటిల్ నొప్పి అమ్మమ్మా. నీకు చెప్తా, ఎవరికీ చెప్పకూడదు. బయటికొచ్చిందంటే నా ఉద్యోగం ఊడుతుంది."

"నేనెవరికి చెప్తానే?"

"కింద వ్యాకరణం తాతగారికి."

"ఆయనకి నేను టైమెంతయిందో కూడా చెప్పను."

సినిమా పేరు 'ఏడు తలుపులు'. బాగానే ఉంది కదా అన్నాను. చూడు, అంటూ తెర మీద పెద్దగా వేసి చూపించింది. డు, లు, పు, లు. నాలుగు కొమ్ములు, గొర్రెలు వరస కట్టినట్టు. ఒక వత్తు లేదు, ఒక గుడి లేదు, ఒక సున్న లేదు. పట్టుకుందామంటే ఎక్కడా పిలక లేని పేరు. వాళ్ళ ఆఫీసులో పబ్లిసిటీ చూసే ఆయన (ఇంట్లో ఆయన్ని ప్రచారం అంటాం) ఒక గుర్తు అడిగాడట. చూస్తే ఏమిటో తెలియకూడదు, కానీ మర్చిపోవడమూ కుదరకూడదు. శుక్రవారంలోపు రాకపోతే పని ఆ ఆఫీసులోనే పెద్ద గడ్డమున్న ఆర్టిస్టుకి వెళ్ళిపోతుంది. ఆయన పద్దెనిమిదేళ్ళుగా అన్ని సినిమాలకీ ఒకటే మంట బొమ్మ వేస్తున్నాడు.

"సున్న లేదంటావేమిటే? ఏడుకి అరసున్న ఉంది కదా. మీరు తీసేశారు గానీ."

"అరసున్నంటే?"

మందుల చీటీ వెనక గీసి చూపించాను. ఏఁడు. ఏ పక్కన సగం ఉంగరం. పూర్వం అక్కడ ముక్కుతో పలికీ పలకనట్టు ఒక ధ్వని ఉండేది. ముందు నోరు మానేసింది, తర్వాత చెయ్యి మానేసింది.

పిల్ల ఆ చీటీని రెండు చేతులతో పట్టుకుంది.

"ఇది నిజంగా ఉందా? కచ్చితంగా?"

"నన్నా అడుగుతున్నావు?"

"సారీ సారీ."

"ఏడుకి అరసున్న పెట్టలేదని నేను బెంచీ ఎక్కించినవాళ్ళలో ఒకడు ఇప్పుడు జడ్జీ."

జూన్ 5

పొద్దుటినుంచీ అరసున్నలు గీస్తోంది. ఎక్కడ అడుగు పెట్టినా సగం ఉంగరమే. మందుల చీటీ అడిగితే ఇవ్వనంది, చరిత్రాత్మకమట. బీపీ మాత్ర అంచనా మీద వేసుకున్నాను.

జూన్ 7, శనివారం

ప్రచారానికి నచ్చింది. నచ్చడమంటే మామూలుగా కాదట, కుర్చీలోంచి లేచాడట.

ఇవాళ నాకు పరీక్ష పెట్టింది. పోస్టరు వంటింటి గోడకి అంటించి, నన్ను వసారా ఆ చివర నిలబెట్టి, కళ్ళజోడు లాక్కుంది.

"బస్సులో వెళ్తున్నావనుకో. మూడు లెక్కపెట్టేలోపు ఏం కనిపించిందో చెప్పు. తల తిప్పు!"

"నల్లగా ఉంది. మధ్యలో పసుపుపచ్చ సగం ఉంగరం. కింద ఏదో తేదీ."

"ఏం సినిమా?"

"చెప్పలేదుగా."

"ఏం అనిపిస్తోంది?"

"అడగాలనిపిస్తోంది."

పిల్ల ఎగిరి గంతేసింది. అదేనట కావలసింది. మొదటి పోస్టరులో అరసున్న ఒక్కటే. వారం తర్వాత రెండోది, ఆ అరసున్న సందులోంచి కొంచెం వెలుతురు, తలుపు ఓరగా తెరిచినట్టు. ఆ తర్వాత అక్షరాలన్నీ చీకట్లో ఉండి అంచులు మాత్రం మెరిసేది. చివరికి టైటిలు. ఒక్కోదానిలో చారెడు చూపించి తవ్వెడు దాచాలి. జనం మిగతాది వాళ్ళంతట వాళ్ళే ఊహించుకుంటారు, తాము ఊహించుకున్నది నిజమా కాదా చూడ్డానికి హాలుకొస్తారు.

"పోస్టర్ పని చెప్పడం కాదు అమ్మమ్మా, అడిగించడం."

నేను ముప్పై నాలుగేళ్ళు చెప్పాను. ఒక్కడూ ఏమీ అడగలేదు. పద్ధతి అప్పుడే తెలిసుంటే బాగుండేది.

జూన్ 11, బుధవారం

ఊళ్ళో పెట్టారు. కూరగాయలకని వెళ్ళాను. బస్టాపు దారిలోనే కాబట్టి చూశాను, పనిగట్టుకుని కాదు.

ఫ్లైఓవరు స్తంభాలకి వరసగా పన్నెండు అరసున్నలు. బస్టాపు వెనక గోడకి ఒకటి, నాకంటే పొడుగు. ముప్పై ఏళ్ళ కిందట పాఠ్యపుస్తకంలోంచి చెప్పకుండా తీసేశారు దాన్ని. అప్పుడొక పెద్ద ఉత్తరం రాస్తే జవాబు కూడా ఇవ్వలేదు. ఇప్పుడు స్తంభాలెక్కించారు.

అరగంట నిలబడ్డాను. కాళ్ళు నొప్పెట్టి.

కూరలావిడ కొడవలంది, రైతుల సినిమా అయ్యుంటుందట. కాలేజీ పిల్లలు విరిగిన గాజన్నారు, ప్రేమకథ, అమ్మాయి చచ్చిపోతుంది, అప్పుడే ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఆఫీసు బ్యాగు పట్టుకున్నాయన చంద్రగ్రహణమన్నాడు. మా వాచ్‌మన్ "హీరో మీసంలో ఒక పక్కండి, రెండోది సెకండ్ పార్టులో చూపిస్తారు" అన్నాడు. సాయంత్రం వియ్యపురాలు (కోడలి తల్లి) ఫోను చేసి, "మీ మనవరాలు బొమ్మేసిందటగా వదినగారూ, చూశాను. కాలిగోరు ముక్కలా ఉంది" అంది.

మా వియ్యపురాలి దృష్టి ఎప్పుడూ కాళ్ళ దగ్గరే ఉంటుంది. ఎవరివి లాగుదామా అని.

జూన్ 13

మళ్ళీ కూరగాయలు తెచ్చాను. ఫ్రిజ్ తలుపు పడటం లేదు.

జూన్ 16, సోమవారం

మెట్ల దగ్గర వ్యాకరణం మాస్టారు దొరికారు. ఇద్దరం ఒకే స్కూల్లో ఇరవై రెండేళ్ళు. ఆయన ఎ సెక్షను, నేను బి సెక్షను. ఆ ఇరవై రెండేళ్ళలో ఆయన నా దగ్గర ఒక్క తప్పూ ఒప్పుకోలేదు. నేనూ ఆయన దగ్గర ఒప్పుకోలేదు, నా దగ్గర లేవు కాబట్టి. రిటైరయ్యాక ఇదే బిల్డింగులో కింద ఫ్లాటు కొన్నారు. నేను మూడో అంతస్తు ముందే కొన్నానని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

"టీచరుగారూ, ఊరంతా కొడవలీ గాజూ అంటున్నారు. అది అరసున్న కదండీ?"

నా గుండె గంతేసింది. ఊరంతటిలో ఒక్కడు! కానీ మాట ఇచ్చాను కదా.

"ఏమో మాస్టారూ. నా కళ్ళజోడు పవరు మారింది."

"మీకు అరసున్న కనపడకపోవడమా!"

"వయసండీ."

"అయితే టైటిల్లో అరసున్న ఉన్న మాట ఉంటుంది. నేను కనిపెడతాను చూడండి."

ఎనభైకి రెండు తక్కువ ఆయనకి. లిఫ్టు ఉన్నా మెట్లెక్కి వెళ్ళారు, రెండేసి చొప్పున.

జూన్ 18, బుధవారం

రెండో పోస్టరు వచ్చింది. ఊరు ఊగిపోతోందని ప్రచారం అన్నాడట. పిల్లకి అందరిముందూ చప్పట్లు కొట్టించాడు. గడ్డం ఆర్టిస్టు కూడా కొట్టాడు, రెండు వేళ్ళతో.

వ్యాకరణం పూటకోసారి తలుపు తడుతున్నారు. నిన్న సాయంత్రం "చీఁకటి" అన్నారు. నిన్న పొద్దున "తాఁబేలు". తాబేలు మీద సినిమా ఎవరు తీస్తారు మాస్టారూ అంటే, మెల్లగా ఆడుతుందని ఆయనే నవ్వుకున్నారు. ఇవాళ గుమ్మంలోనే నిలబడి గట్టిగా అన్నారు:

"మూఁడు! మూఁడు ఏదో! అంకె అయ్యుంటుంది టీచరుగారూ, ఈ మధ్య అంకెల పేర్లు పెడుతున్నారు. అంకె అయితే మాత్రం మూఁడే. పదిలోపు అంకెల్లో దానికొక్కదానికే కదండీ అరసున్న!"

"ఏడుకి?" అని నోరు జారాను.

"ఏడుకెక్కడుందండీ?" అని ఒక క్షణం నా మొహం చూశారు. "సంవత్సరం ఏఁడుకి ఉంది. అంకె ఏడుకి లేదు."

కాఫీ తాగకుండానే వెళ్ళిపోయారు.

పాపం, మనిషికి వయసు మీద పడింది. మొన్ననే మెట్ల మీద చెప్పులు మార్చేసుకున్నారు, కుడిది ఎడమకి.

జూన్ 19

నిఘంటువు అటక మీద ఉంది. అటకెక్కడానికి స్టూలు కావాలి. స్టూలు మీద ప్రింటరు ఉంది. పైగా నాకెందుకు? నేను చూడాల్సిన అవసరం ఏముంది?

జూన్ 20

మోకాలు నొప్పిగా ఉంది.

వాచ్‌మన్‌ని పిలిచి దింపించవచ్చు. కానీ ఆయనకి పనులుంటాయి. గేటు దగ్గర కుర్చీలో చాలా పని మీద ఉన్నట్టు కనిపించాడు, కళ్ళు మూసుకుని.

జూన్ 21, శనివారం

లేదు.

జూన్ 22, ఆదివారం

మూడుకి ఉంది. సంవత్సరమని చెప్పే ఏఁడుకి ఉంది. ఏండ్లు అన్నప్పుడు నిండుసున్నగా బయటపడుతుంది కూడా, అబద్ధమాడనివ్వదు. అంకె ఏడుకి లేదు. ఎన్నడూ లేదు. మూడు పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పాను, ఎక్కడైనా నా మీద జాలిపడి ఒకటి పెట్టారేమోనని.

ఎప్పుడు తారుమారయింది? క్లాసులో సరిగ్గానే చెప్పానా? లేక మొదటినుంచీ ఇంతేనా? జడ్జీ మొహం గుర్తొస్తోంది. బక్క పిల్లాడు. బెంచీ మీద నిలబడి "టీచర్, పుస్తకంలో లేదండీ" అన్నాడు. పుస్తకం కంటే నేను పెద్దదాన్నా చిన్నదాన్నా అని అడిగాను. పెద్దవారేనండీ అన్నాడు. అక్కడితో కేసు కొట్టేశాను.

ఊళ్ళో ఎన్ని స్తంభాలున్నాయో నాకు తెలియదు. పిల్లకి తెలుసు. అడగను.

జూన్ 23, సోమవారం

పిల్ల టైటిల్ పోస్టరు గీస్తోంది. అరసున్న చుట్టూ మిగతా అక్షరాలు చేరాయి. ఏఁడు తలుపులు. అందంగా ఉంది. అదే కదా బాధ.

"ఏమే, ఈ అరసున్న కొంచెం ఎక్కువయిందేమో. తీసేస్తే?"

"ఏం తీసేస్తే?"

"అరసున్న."

పిల్ల కుర్చీ గిర్రున తిప్పింది. "అమ్మమ్మా, రెండు వారాలుగా ఊరు మాట్లాడుకుంటున్నది దాని గురించే. పెళ్ళిలో పెళ్ళికూతుర్ని తీసేద్దామంటావేంటి?"

"ఈ రోజుల్లో ఎవరూ రాయట్లేదుగా అని..."

"నువ్వేనా ఈ మాటనేది? ఒంట్లో బాగుందా?"

నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు. ఉంటే ఎంత బాగుండేది.

జూన్ 25, బుధవారం

ప్రచారం స్వయంగా ఇంటికొచ్చాడు. రెండు ఫోన్లు, ఒకదాంట్లో మాట్లాడుతూ రెండోదాంట్లో క్షమాపణ చెబుతుంటాడు. వస్తూనే నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"అమ్మగారూ, టైటిల్ విడుదల రోజు మీరు కెమెరా ముందు రెండు నిమిషాలు మాట్లాడాలి. అరసున్న గురించి. ఊరు వెర్రెక్కి ఉంది, అది అక్షరమని తెలిస్తే పడిపోతారు. నిజం చెప్తున్నా, ఈ గుర్తు రాకపోయుంటే పాపని తీసేసి గడ్డం ఆయనకిచ్చేవాణ్ణి. కాయితం కూడా టైపు చేయించాను. ఇప్పుడు చూడండి, ఈ సినిమా బాగా అయితే వచ్చే రెండు సినిమాలూ పాపవే."

పిల్ల నా వెనక నిలబడి నా భుజం నొక్కింది.

నేను ఒప్పుకోలేదు. సరే అన్నాను, అంతే.

ఏ చీర కట్టుకోవాలని అడిగాను. అది మర్యాద కోసం.

జూన్ 26

బూడిదరంగు చీర కెమెరాలో బాగుంటుందట.

సిగ్గు లేదు నాకు.

జూన్ 27, శుక్రవారం

పిల్ల మధ్యాహ్నం అన్నం తింటూ తాను చెప్పబోయే మాటలు చదివి వినిపించింది. విడుదల రోజు తనూ మాట్లాడాలి. "మా అమ్మమ్మ చెయ్యి ఎప్పుడూ తప్పు రాయదు" అని మొదలుపెట్టింది.

"అది కొట్టేయ్."

"ఎందుకు? బాగుందిగా."

"ఏడుకి అరసున్న లేదే."

నమలడం ఆపింది.

"అంకె ఏడుకి లేదు. సంవత్సరానికి ఉంది. నేను పొరబడ్డాను. నువ్వు ఊరంతా కట్టబోయేది 'సంవత్సరం తలుపులు'."

పిల్ల గ్లాసు తీసుకుని నీళ్ళు తాగింది. గ్లాసు కింద పెట్టింది. మళ్ళీ తీసుకుని ఖాళీ గ్లాసే తాగింది.

"ఎప్పుడు తెలిసింది?"

"నిన్న."

"అమ్మమ్మా."

"మొన్న."

"అమ్మమ్మా!"

"ఆరు రోజులయింది."

తప్పుకి ఏడవలేదు. ఆరు రోజులకి ఏడ్చింది. "అందుకేనా తీసేయమన్నావు? ఎక్కువయిందనీ, ఎవరూ రాయట్లేదనీ! పొరబడ్డానని ఒక్క మాట అంటే నేనేమైనా బెంచీ ఎక్కిస్తానా?"

ముప్పై నాలుగేళ్ళు బెంచీ ఎక్కించే వంతు నాది, ఎక్కే వంతు ఇంకెవరిదో.

చెయ్యి కడుక్కుని, సోమవారం ఆఫీసులో తనదే తప్పని చెప్తానంది. "నువ్వు చెప్పావని అంటే బాగోదు. నేనే ఎక్కడో చూసి పెట్టానంటా." తలుపు వేసుకుంది. మెల్లగానే వేసుకుంది. అది ఇంకా కష్టం.

జూన్ 30, సోమవారం

పిల్ల లిఫ్టులోకి వెళ్ళేసరికి నేను అందులో ఉన్నాను. బూడిదరంగు చీరలో.

"నువ్వెక్కడికి?"

"కెమెరా ముందుకి రమ్మన్నాడుగా. ముందుగా వెళ్తున్నా."

వాళ్ళ ఆఫీసులో గోడలనిండా పోస్టర్లు, మధ్యలో పెద్ద బల్ల, చుట్టూ తొమ్మిదిమంది. పిల్ల నోరు తెరిచేలోపు నేను లేచి నిలబడ్డాను. క్లాసులో నిలబడ్డట్టే, బల్ల మీద రెండు చేతులూ ఆనించి.

"అందరూ వినండి. ఈ గుర్తు ఈ మాటకి తప్పు. చెప్పింది నేను. కచ్చితంగానా అని ఆ పిల్ల అడిగింది. నేను గదమాయించాను. నిఘంటువు చూడలేదు. చూశాక ఆరు రోజులు దాచాను."

రెండు ఫోన్లూ మోగుతున్నా ప్రచారం ఎత్తలేదు. అలాంటిది ఎప్పుడూ జరగలేదట. గడ్డం ఆర్టిస్టు గడ్డం సవరించుకున్నాడు.

"ఎవరికి తెలుస్తుందమ్మగారూ?" అన్నాడు ప్రచారం చివరికి. "ఊళ్ళో అది కాలిగోరో అరసున్నో తెలిసినవాళ్ళెవరు? వదిలేద్దాం."

నిజం చెప్పాలంటే ఒక క్షణం నాకూ చల్లగా తగిలింది ఆ మాట. పిల్ల ఉద్యోగం ఉంటుంది. నా పేరుంటుంది. ఎవరికి తెలుస్తుంది?

"మా కింద ఫ్లాటాయనకి తెలుసు," అన్నాను. "ఆయనకి తెలియకపోయినా నాకు తెలుసు. ఇంతింత పెద్దగా పెడితే పిల్లలు అదే నేర్చుకుంటారు. నాకున్న జడ్జీలు చాలు."

జడ్జీ సంగతి ఎవరికీ అర్థం కాలేదు. ఒక్క పిల్లకి తప్ప. అది నావైపు చూసి, ఫక్కున నవ్వింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి. నవ్వుతూనే లేచి, గోడకున్న టైటిలు ముందుకెళ్ళి నిలబడింది.

"తీసేయొద్దు సార్. కొట్టేద్దాం."

"అంటే?"

"టీచరు దిద్దినట్టు. టైటిలు అలాగే ఉంటుంది, అరసున్న మీద ఎర్ర సిరా అడ్డగీత. కింద చేతిరాత. 'తప్పు. మళ్ళీ రాయి.' ఇన్నాళ్ళూ అదేమిటని అడిగారు. ఇప్పుడు ఎవరు తప్పు రాశారు, ఎవరు దిద్దారని అడుగుతారు. వారం తర్వాత సరైన టైటిలు వేద్దాం."

ప్రచారం కుర్చీలోంచి లేచాడు. మా పిల్ల చెప్పింది నిజమే, లేస్తాడు.

"చేతిరాత ఎవరిది?" అన్నాడు.

తొమ్మిదిమందీ నావైపు తిరిగారు.

జూలై 1, మంగళవారం

"తప్పు. మళ్ళీ రాయి." అరవై మూడుసార్లు రాశాను. పిల్ల ఒక్కటీ ఒప్పుకోదు.

"ఇది మరీ ముద్దుగా ఉంది. కోపంగా రాయి."

"కోపంగానే రాశానే."

"ఇది అలిగినట్టుంది. నువ్వు క్లాసులో ఎలా రాసేదానివో అలా రాయి, ఎదుటివాడి కాళ్ళు వణకాలి."

"ఎదుటివాడు నేనే అయినప్పుడు ఎలా వణికిస్తానే?"

కలం తీసుకుని కాసేపు కూర్చున్నాను. ఎదురుగా పోస్టరు. పసుపుపచ్చగా, నిగనిగలాడుతూ, మహా ధీమాగా నా అరసున్న. ఒక్క గీత గీశాను. కాయితం చిరిగింది.

"ఇదీ!" అంది పిల్ల.

జూలై 4, శుక్రవారం

పెట్టారు. ఇవాళ కూరగాయలని చెప్పలేదు. పోస్టరు చూడ్డానికి వెళ్తున్నానని చెప్పి వెళ్ళాను.

వాచ్‌మన్ తేల్చేశాడు, హంతకుడు టీచరట. "మొహం చూపించట్లేదండి, చేతిరాతే. ఆడమనిషి అయ్యుంటదండి, గీతలో పగ కనబడతాంది."

వియ్యపురాలు ఫోను చేసింది. "దిద్దింది మీరేనటగా వదినగారూ. తప్పు కూడా మీదేనట!"

"అవునండీ, రెండూ నావే," అన్నాను. "ఇంకెవరికీ మిగల్చలేదు."

ఆవిడే ముందు ఫోను పెట్టేసింది. ఇరవై ఆరేళ్ళ వియ్యంలో ఇదే మొదటిసారి. నిజం చెప్పడంలో ఇంత సుఖముందని ముందే తెలిసుంటే!

వ్యాకరణం మాస్టారు మాత్రం రాలేదు. పోస్టరు చూసే ఉంటారు. నా 'మళ్ళీ' ఆయనకి తెలియకుండా ఉండదు, ఇరవై రెండేళ్ళు ఒకే రిజిస్టరులో రాసుకున్నాం.

జూలై 6

ఇవాళా రాలేదు. వస్తే ఏమనాలో రెండు మూడు రకాలుగా అనుకుని పెట్టుకున్నాను. అన్నీ వృథా.

జూలై 9, బుధవారం

పొద్దున్నే ప్రచారం నుంచి పిల్లకి ఫోను. వెంటనే బస్టాపుకి వెళ్ళి చూడమన్నాడట. పిల్ల చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ముందు పరిగెత్తింది. వెనక నేను, నా మోకాళ్ళు.

పోస్టరులో 'మళ్ళీ రాయి' కింద ఒక జానెడు ఖాళీ ఉంది. జనం రాశారు.

నిజంగా రాశారు. పెన్నుతో, మార్కరుతో, సుద్దతో, ఒకరైతే బొగ్గుతో. మళ్ళీ రాయమన్నాం కదా, రాసేశారు. ఖాళీ నిండిపోయి గోడ మీదకి పోయింది. అడ్డగీత కొట్టిన సగం ఉంగరం పోగా మిగిలిన మాట, ఒకదాని కింద ఒకటి: ఏడు తలుపులు. ఏడు తలుపులు. ఏడు తలుపులు. ఎవరో యేడు అని రాశారు. ఎవరో తలపులు అన్నారు, వాళ్ళకేం తలపులున్నాయో. ఒకరు తలుపుళు అని రాసి పక్కన పువ్వు వేశారు. బస్సులు ఎక్కాల్సినవాళ్ళు ఎక్కకుండా క్యూలో నిలబడ్డారు. కాలేజీ పిల్లలు మార్కరు అద్దెకిస్తున్నట్టు చేతులు మారుస్తున్నారు. మిగతా స్తంభాల దగ్గరా ఇదే గొడవట. అక్కడ నిలబడి ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

పిల్ల ఫోనులో అరుస్తోంది. "అవును సార్! అవును సార్! రెండు సినిమాలూనా సార్?" తర్వాత ఫోను చెవిన పెట్టుకునే ఏడ్చింది. ఈసారి ఏడుపు మంచిది.

నేను సంచీలోంచి కలం తీశాను. ఏం చెయ్యను, చెయ్యి ఊరుకోదు. యేడు అన్నవాణ్ణి దిద్దాను. తలుపుళు అన్నవాణ్ణి దిద్దాను, పువ్వు బాగుంది కాబట్టి అర మార్కు వేశాను. వెనక ఎవరో "ఈవిడెవరు?" అన్నారు. ఇంకెవరో "కంపెనీ వాళ్ళు పెట్టుంటార్రా" అన్నారు.

గోడకి అడుగున, వంగితే తప్ప కనపడని చోట, ఒకటుంది. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు, తలకట్లు బొట్టు పెట్టినట్టు సమానంగా. ఎ సెక్షను రాత. ఏడు తలుపులు. దాని కింద చిన్నగా ఇంకో వాక్యం: 'టీచరుగారూ, మీరు ఏడుకి అని నోరు జారిన రోజే ఆ పొరబాటు మీదేనని అనుమానం వచ్చింది. చెప్పడానికి మనసు రాలేదు. క్షమించాలి.'

మోకాళ్ళ మీద కూర్చుని రెండుసార్లు చదివాను. ఒక్క అక్షరదోషమైనా దొరుకుతుందేమోనని మూడోసారీ చదివాను. దొరకలేదు.

పదికి తొమ్మిదిన్నర వేశాను. తెలిసీ చెప్పనందుకు అర కోత.